కొట్టు మూసినా పూచీ పోదు

కొన్న వస్తువు చెడిపోవడం ఒక కష్టం. అమ్మినవాడు కూడా కనబడకుండా పోవడం రెండో కష్టం. మొదటిదానికి మరమ్మతు చేసేవాడుంటాడు గాని, రెండోదానికి మందు లేదని చాలామంది తలరాతమీద నెపం వేసి ఊరుకుంటారు. అలా ఊరుకోనక్కరలేదని చెప్పడమే ఈ నాలుగు మాటల ఉద్దేశం.

మా బద్వేలు పెద్ద పట్నమేమీ కాదు. అయినా ఇక్కడా దుకాణాలు పుట్టడమూ, గిట్టడమూ చూస్తూనే ఉంటాం. పండుగనాడు రంగుకాగితాలు కట్టి తెరిచిన టీవీల కొట్టు, ఏడాది తిరిగేసరికి టిఫిన్ హోటలై కూచుంటుంది. అందులో తప్పు పట్టవలసినదీ లేదు. వ్యాపారమన్నాక లాభమూ నష్టమూ ఉంటాయి. అయితే ఆ కొట్టులో సరుకు కొన్నవారి గతి ఏమిటి?

మా వీధిలో మిషను కుట్టి ఇద్దరు పిల్లల్ని చదివించుకుంటున్న ఒకావిడ ఉన్నది. చీటీ పాడిన డబ్బులో 18,500 రూపాయలు పెట్టి టీవీ కొన్నది. మరో రెండేళ్ళు అదనపు గ్యారంటీ అని కొట్టువారు ఇంకొక 1,200 పుచ్చుకున్నారు. ఎనిమిదో నెలలో బొమ్మ పోయి మాటలు మాత్రం మిగిలాయి.

“షాపు మూసేసినారు సార్. ఫోను చేస్తే పలకదు. సర్వీసు వాళ్ళనడిగితే, కొన్నచోటనే అడుగు పోమ్మా అంటాండారు. ఇంగ ఆ డబ్బు పోయినట్లేనా సార్?” అని ఆమె అడిగింది.

ఆ ప్రశ్న వినగానే పోరుమామిళ్ళ చెరువు శాసనం నాకు జ్ఞాపకం వచ్చింది. మా ఊరికి ఉత్తరాన ఉన్న ఆ చెరువును విజయనగర రాజకుమారుడు భాస్కరుడు తవ్వించాడు. 1369 నాటి ఆ శాసనంలో మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలూ, ఉండకూడని ఆరు దోషాలూ చెప్పారు. ఆ దోషాలలో ఒకటి - చెరువు రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం! అటువంటి చెరువును ఎవరు బాగుచేయాలి? ఆ రాజు ఈ రాజును చూపిస్తాడు, ఈ రాజు ఆ రాజును చూపిస్తాడు. కొట్టువాడికీ కంపెనీవాడికీ నడుమ చిక్కిన టీవీ గతి కూడా సరిగా ఇదే.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. స్కాట్లాండులో 1928లో ఒకామె, స్నేహితురాలు కొనిపెట్టిన అల్లపు పానీయం సీసాలో కుళ్ళిన నత్త వచ్చిందని దావా వేసింది. డబ్బిచ్చింది తాను కాదు. కాబట్టి హోటలువాణ్ణి ఒప్పందం పేరుతో అడిగే వీలు లేదు. 1932లో బ్రిటిష్ ప్రభువుల సభ, తయారుచేసినవాడికి వాడుకునేవారిపట్ల నేరుగా బాధ్యత ఉంటుందని తీర్పు చెప్పింది.

మన దేశంలో 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రధానంగా అమ్మినవాణ్ణీ కొన్నవాణ్ణీ మాత్రమే చూసింది. 1986లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టమూ, దాని స్థానంలో 2020 జూలై 20 నుంచి అమలైన 2019 చట్టమూ ఆ లోటు పూడ్చాయి. ఈ చట్టంలో ‘వర్తకుడు’ అనే మాటకు అర్థం చెప్పినచోటనే, సరుకు తయారుచేసినవాడిని కూడా కలిపి చెప్పారు. తెలుగు పాఠాలు చెప్పుకునే నావంటివాడికి ఈ ఒక్క నిర్వచనం చాలు. కొట్టు మూతపడ్డా, కంపెనీ ఉన్నంతవరకూ వర్తకుడు ఉన్నట్టే!

ఆ కంపెనీని పట్టుకోవడం ఎలాగంటారా? అట్టపెట్టెను చెత్తకుప్పలో పారవేయకండి. తయారీదారు లేక దిగుమతిదారు పేరూ, చిరునామా, ఫిర్యాదు చేయవలసిన ఫోను నంబరూ దానిమీద అచ్చువేయాలని నిబంధన. టీవీ వెనుక ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే భారతీయ ప్రమాణాల సంస్థ నంబరు ఉంటుంది. దాన్ని ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే తయారీదారు వివరం తెలుస్తుంది.

ఇక కొట్టువాడు. బిల్లుమీది జీఎస్టీ నంబరులో 15 అక్షరాలుంటాయి. మొదటి రెండూ రాష్ట్రానివి - మన ఆంధ్రకు 37. ఆ తరువాతి పదీ యజమాని పాన్ నంబరు. జీఎస్టీ వెబ్‌సైటులో వెదికితే బోర్డుమీది పేరు వెనుక ఉన్న అసలు పేరు బయటపడుతుంది. ఒక్కడి సొంత కొట్టయితే, తలుపు మూసినంతమాత్రాన అతని బాకీ తీరదు. భాగస్తుల వ్యాపారమయితే అందరూ బాధ్యులే. దివాలా తీసిన కంపెనీ అయితే మాత్రం, దానికి నియమితుడైన అధికారివద్ద గడువులోగా మన క్లెయిము దాఖలు చేసుకోవాలి.

తయారుచేసిన కంపెనీయే చేతులు మారితే? 1942లో హైదరాబాదులో పుట్టిన ఆల్విన్ సంస్థ ఫ్రిజ్‌లు ఒకప్పుడు మన ఇళ్ళలో ఉండేవి. 1990లలో ఆ ఫ్రిజ్‌ల వ్యాపారం వోల్టాస్‌లో కలిసింది. ఒక కంపెనీ మరొకదానిలో విలీనమయితే ఆస్తులతోపాటు బాధ్యతలూ సాధారణంగా కొత్తవారికి సంక్రమిస్తాయి. పేరు మారిందని వెనుదిరగనక్కరలేదు.

ముందు కంపెనీకి స్పీడ్ పోస్టులో ఉత్తరం రాయండి. 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అప్పటికీ పని జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నది. మాకయితే అది కడపలో. ఇంటినుంచే ‘ఈ-జాగృతి’ ద్వారా దాఖలు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షలు దాటకపోతే రుసుము లేదు. వకీలును పెట్టుకొని తీరాలన్న నియమమూ లేదు. కంపెనీ ఢిల్లీలో ఉన్నా, కొన్నవారు కాపురముండే జిల్లాలోనే దావా వేసుకోవచ్చు. వ్యవహారం పుట్టిన రెండేళ్ళలోగా వేయాలన్నది మరవకూడదు.

ఉన్న మాట కూడా చెప్పుకోవాలి. పత్తా లేని మనిషిమీద గెలిచిన తీర్పు చేతికి సొమ్ము కావడం కష్టం. కాబట్టే ముందు కంపెనీ తలుపు తట్టాలి. కొట్టువాడు తన సొంతంగా అమ్మిన అదనపు గ్యారంటీకి కంపెనీ జవాబుదారీ కాదు. ఆ కాగితంమీద ఎవరి పేరుందో డబ్బిచ్చేముందే చూసుకోవడం మంచిది.

మా వీధి ఆవిడ రాసిన ఉత్తరానికి మూడు వారాలలో ఫలం కనిపించింది. కంపెనీ మనిషి వచ్చి, పాడయిన భాగం ఉచితంగా మార్చి వెళ్ళాడు. ఆ 1,200 రూపాయలు మాత్రం ఇంకా రాలేదు. కొట్టు యజమాని పేరు దొరికింది, నోటీసు వెళ్ళింది. “పన్నెండు నూర్లంటే నాకు ఎన్ని జాకెట్లు కుట్టల్ల సార్! ఎందుకిడిస్తా?” అంటున్నదావిడ.

చదువరులకు నా మనవి ఒక్కటే. ఇంట్లో పట్టాపుస్తకమూ, పిల్లల సర్టిఫికెట్లూ దాచే పెట్టెలో బిల్లులకు కూడా కాస్త చోటివ్వండి. బిల్లు అక్షరాలు ఏడాదికే వెలిసిపోతాయి కనుక, కొన్ననాడే దానికొక ఫోటో తీసి ఉంచండి.