మారిషస్ దీవి నేర్పు పాఠము

ప్రగతి నగరమున వసించు మనకు సముద్రము దూరమైనను చెరువు చెంతనే యున్నది. ఆ చెరువును గాపాడుకొనుటకు వలసిన పాఠమును మారిషస్ దీవినుండి గ్రహింపవచ్చునని మేము తలంచుచున్నాము. 19వ శతాబ్దమున మన తెలుగువారు చెఱకుతోటల పనికై ఓడలెక్కి చేరిన దీవి యిదియే.

ఇచ్చట పూర్వము డోడో యను ఎగురలేని పక్షి యుండెడిది. 1598లో డచ్చివారు దిగిన పిమ్మట, వేటవలనను, మనుష్యులతో వచ్చిన జంతువులు గ్రుడ్లను దినుటవలనను, నూరేండ్లలోపలనే అది నశించెను.

మారిషస్ కెస్ట్రెల్ అను చిన్న డేగకును ఆ గతియే పట్టబోయెను. అడవులు తఱుగుటచేతను, డి.డి.టి. విషముచేతను 1974లో అడవియందు నాలుగే కానవచ్చెను. అంతట కార్ల్ జోన్స్ ప్రభృతులు గూటిలోని మొదటి గ్రుడ్లను దెచ్చి పొదిగించిరి. తల్లి మరల గ్రుడ్లు పెట్టెను. ఇట్లు పిల్లలను బెంచి విడువగా, నేడు వందలకొలది డేగలు గలవు. పక్షులను జూడగోరు యాత్రికులు బ్లాక్ రివర్ లోయలలో వానిని వెదకుదురు.

నీటియందును ఇట్టి జాగ్రత్తయే వలయును. బ్లూ బే యను సముద్రోద్యానమున యాత్రికులు అద్దపు ముసుగు ధరించి మునిగి పగడపు దిబ్బలను జూతురు. పగడము వట్టి రాయి గాదు. అది చిన్న ప్రాణులు కట్టుకొన్న యిల్లు. నీరు మిక్కిలి వేడెక్కినచో ఆ ప్రాణులు తమకు ఆహారమిచ్చు సూక్ష్మమైన నాచును గోల్పోయి తెల్లబడును. కాలు మోపినను విఱుగును. కావున చూచుటయే గాని తాకుట తగదు.

డోడోను ఎవ్వరును మరల దేజాలరు. నాలుగు మిగిలిన డేగను నిలుపగలిగిరి. బాలబాలికలారా! మన చెరువుగట్టున కొంగలు వ్రాలుచుండగనే, నీటిలో చెత్త వేయక, గూళ్లను కదపక, వానిని గాపాడుదము.