ఓటీపీ దాటితేనే ఓపీ

ప్రభుత్వాసుపత్రిలో వైద్యం ఉచితమే అయినా, వైద్యుడి గదికి చేరే దారి కొన్నేళ్లుగా ఫోన్ తెర మీదుగా సాగుతోంది. ఓపీ చీటీ, పరీక్షల రిపోర్టు, టీకా ధ్రువపత్రం ఒక్కొక్కటిగా ఆన్‌లైన్‌కు మారుతున్న కొద్దీ, స్మార్ట్‌ఫోన్ లేనివారు, ఉన్నా వాడటం రానివారు, సిగ్నల్ అందని ఊళ్లవారు క్రమంగా వెనుకబడుతున్నారు. దీన్నే డిజిటల్ వెలివేత అంటున్నారు. ఈ వెలిలో ఎవరినీ ఎవరూ పొమ్మనరు గనుక, పోయినవారి లెక్క ఏ రిజిస్టరులోకీ ఎక్కదు.

మన దేశంలో ఈ సమస్య పెద్దయెత్తున బయటపడింది కోవిడ్ టీకాల కాలంలో. 2021 మే 1 నుంచి 18–44 ఏళ్లవారికి టీకాలు మొదలుపెట్టినప్పుడు, కోవిన్ పోర్టల్‌లో ముందే పేరు నమోదు చేసుకొని, తేదీ, కేంద్రం ఖరారు చేసుకున్నవారికే టీకా వేయాలన్నది నియమం. అప్పటికి ఆ పోర్టల్ ఇంగ్లీషులోనే ఉండేది. తెలుగుతోపాటు ఇతర ప్రాంతీయ భాషలు వచ్చేసరికి జూన్ అయింది. ఖాళీలు కనిపించిన నిమిషాల్లోనే నిండిపోతుంటే, ఖాళీ పడగానే కబురు చెప్పే ప్రోగ్రాములు రాసుకున్న నగర యువకులు దూరపు పల్లెల కేంద్రాల్లోనూ టీకా దక్కించుకోగా, ఆ పల్లెవాసులు తమ ఊరి కేంద్రం ముందే చేతులు కట్టుకొని నిలబడాల్సి వచ్చింది. విమర్శలు రావడంతో మే 24న ప్రభుత్వ కేంద్రాల్లో అక్కడికక్కడే నమోదుకు కేంద్రం అనుమతించింది. వారం తిరిగేసరికి, మే 31న, న్యాయమూర్తులు డి.వై. చంద్రచూడ్, ఎల్. నాగేశ్వరరావు, ఎస్. రవీంద్ర భట్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం కేవలం పోర్టల్‌నే నమ్ముకుంటే అందరికీ టీకా అందదని తన ఉత్తర్వులో స్పష్టం చేసింది. 2017–18 జాతీయ నమూనా సర్వే ప్రకారం ఇంటర్నెట్ సదుపాయం ఉన్నవి పల్లెల్లో సుమారు 15 శాతం, పట్టణాల్లో 42 శాతం కుటుంబాలే.

ఆ తర్వాత ఫోన్లు పెరిగిన మాట నిజమే. అయితే ఇంట్లో ఫోన్ ఉండటం వేరు, అది చేతిలో ఉండటం వేరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామని చెప్పిన మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం కాగా పురుషులు దాదాపు 49 శాతం. తెలంగాణలో ఈ అంకెలు సుమారు 27, 57. ఇంటికంతటికీ ఒకే ఫోన్ ఉండి అది భర్త జేబులో ఉంటే, గర్భిణి పరీక్షల గురించి వచ్చే సందేశం మొదట చదివేది ఆమె కాదు. ఇది సౌకర్యానికే కాదు, గోప్యతకూ సంబంధించిన విషయం.

2021 సెప్టెంబరు 27న దేశమంతటా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇస్తున్న 14 అంకెల ఆభా సంఖ్య రోగి వైద్య వివరాలన్నిటినీ ఒకచోటికి చేర్చే గుర్తింపు. ఆసుపత్రి గోడమీది క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే ఓపీ టోకెన్ ఫోన్‌లోకే వస్తుంది గనుక, ఫోన్ ఉన్నవారికి వరుసలో నిలబడే బాధ బాగా తగ్గింది. ఈ మేలును కాదనడం అన్యాయం. చిక్కల్లా ఆ సంఖ్య పుట్టే చోట ఉంది. ఆధార్‌తో ఆభా తీసుకోవాలంటే ఓటీపీ, అంటే ఒక్కసారి మాత్రమే పనిచేసే సంకేత సంఖ్య, ఆధార్‌కు జోడించిన నంబరుకే వస్తుంది. ఆ నంబరు హైదరాబాదులో ఉన్న కొడుకుదైతే అతడు ఫోన్ ఎత్తాలి, అంకెలు చదివి చెప్పాలి, గడువు దాటకముందే అవి ఇక్కడ తెరమీద పడాలి. రీఛార్జి లేక ఆగిపోయిన నంబరైతే ఆధార్ కేంద్రానికి వెళ్లి మార్చుకోవడానికి ఒక రోజు కూలి పోతుంది. వేలిముద్రతో పని జరుపుకుందామంటే, ఏళ్ల తరబడి నాట్లు వేసి, కలుపు తీసి అరిగిన వేళ్లను యంత్రం ఒక్కోసారి గుర్తుపట్టదు. నిబంధనల ప్రకారం ఆభా స్వచ్ఛందం, అది లేదని వైద్యం నిరాకరించకూడదు. ఆ సంగతి తెలుగులో రాసి ఓపీ కౌంటరు అద్దానికి అంటించడానికి పెద్ద బడ్జెట్ ఏమీ అక్కర్లేదు.

మరోపక్క, దూరవైద్య సేవ ఈ-సంజీవని అనుభవం చూస్తే డిజిటల్ సేవలు పేదలకు పనికిరావనడానికీ వీల్లేదని తేలుతుంది. 2019 నవంబరులో ఆరోగ్య కేంద్రాల మధ్య సంప్రదింపుల కోసం వచ్చిన ఈ పద్ధతిని మొదట చేపట్టిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ఇందులో రోగికి ఫోనూ వద్దు, ఓటీపీ తంటా అంతకన్నా వద్దు: ఊరి ఆరోగ్య కేంద్రానికి వెళితే అక్కడి సిబ్బంది బీపీ, షుగర్ చూసి, వీడియోలో వైద్యుడితో మాట్లాడించి, రాసిన మందులు ఇస్తారు. యంత్రాన్ని నడిపే బాధ్యత రోగి నుంచి వ్యవస్థ మీదికి మారిందంతే, కానీ తేడా అంతా అక్కడే ఉంది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఇంటి నుంచే వాడుకునే రెండో రకం సేవ వచ్చినప్పుడు ఆ భారం మళ్లీ రోగి ఫోన్ మీదికే చేరింది.

మధ్యలో నిలిచే ఏఎన్ఎంకూ ఆశా కార్యకర్తకూ ఇది అదనపు చాకిరీ. చాలాచోట్ల ఒకే వివరాన్ని కాగితపు రిజిస్టరులో ఒకసారి, యాప్‌లో మరోసారి ఎక్కించడం, సిగ్నల్ కోసం మేడ ఎక్కడం, అదయ్యాక ఊరివాళ్ల ఓటీపీలు అడిగి నమోదు లక్ష్యాలు పూర్తి చేయడం వాళ్ల వంతే. అధికారులు చూసే డ్యాష్‌బోర్డులో ఎన్ని ఆభాలు సృష్టించారో కనిపిస్తుంది. వాటి వెనుక ఎన్ని గంటలు ఖర్చయ్యాయో, ఆ గంటల్లో ఎన్ని ఇళ్లకు వెళ్లలేకపోయారో నమోదు చేసే గడి మాత్రం అందులో లేదు.