మీకు తెలుసా? ఇసుకలోనూ బంగారమే!

ఇండోర్‌లోనూ, బీచ్‌లోనూ ఒలింపిక్ స్వర్ణం గెలిచిన వాలీబాల్ ఆటగాడు ప్రపంచం మొత్తంలో ఒక్కడే. అమెరికాకు చెందిన కార్చ్ కిరాయ్. 1984, 1988లో ఆరుగురి జట్టుతో గెలిచాడు. బీచ్ వాలీబాల్ ఒలింపిక్స్‌లో తొలిసారి అడుగుపెట్టిన 1996లో, 35 ఏళ్ల వయసులో, కెంట్ స్టెఫెస్‌తో కలిసి మళ్లీ గెలిచాడు.

ఇది మామూలు ఘనత కాదు. ఇప్పుడు బీచ్ కోర్టు 16×8 మీటర్లే, కానీ అప్పట్లో అదీ ఇండోర్ కోర్టులాగే 18×9. పైగా ఆరుగురి పని ఇద్దరే చేయాలి, అలసిపోతే బదులు దిగేవాడు ఉండడు. కింద కనీసం 40 సెంటీమీటర్ల లోతు ఇసుక. ధర్మపురిలో గోదావరి ఇసుక మీద పరుగెత్తినవాళ్లకు ఆ కష్టం వేరే చెప్పనక్కర్లేదు!

కార్చ్‌కి ఆట నేర్పింది హంగరీ నుంచి వలస వచ్చిన తండ్రి లాస్లో. 11 ఏళ్లకే కొడుకును తన జోడీగా టోర్నీలో దింపాడు. టోక్యో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన అమెరికా మహిళల ఇండోర్ జట్టుకు అప్పటి కోచ్ కూడా కార్చే.