పికప్‌కు సాలిడ్ ఫ్లైవీల్ వేయిస్తున్నారా? గేర్‌బాక్స్ దించే ముందే ఈ విషయాలు చూస్కోండి

పులివెందుల తోటల నుంచి అరటి గెలలు ఎత్తుకున్న పికప్ బండి. మట్టిబాటలో గుంతలు, ఎదురుగా చిన్న మిట్ట. మొదటి గేర్, సగం క్లచ్. రోజుకు నాలుగు ట్రిప్పులు ఇదే వరస. కొన్నాళ్లకు కాలిన వాసన మొదలవుతుంది. ఆ తర్వాత ఇంజిన్ ఆపినప్పుడల్లా కింద నుంచి 'టక్' మని చప్పుడు. షెడ్డుకు తీసుకెళ్తే మెకానిక్ చెప్పే మాట ఒకటే: "డ్యూయల్ మాస్ పోయింది. సాలిడ్ వేసేద్దాం, మళ్లీ జోలికి రాదు."

జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు బండలు, సిమెంటు తోలేవాళ్లకూ, ప్రొద్దుటూరు బజార్లలో ఇరుకు సందుల్లో సరుకు దించేవాళ్లకూ ఈ మాట కొత్త కాదు. ఒరిజినల్ సెట్టు ధర వింటే గుండె గుభేలుమంటుంది. బండి షెడ్డులో ఉన్నన్ని రోజులూ బాడుగ పోతుంది, ఫైనాన్స్ కంతు మాత్రం ఆగదు. అందుకే చాలామంది సాలిడ్‌కే తలూపుతున్నారు. అది సరైన నిర్ణయమేనా? కొన్ని బండ్లకు అవును. అన్నిటికీ కాదు.

అసలేంటీ డ్యూయల్ మాస్?

ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య తిరిగే బరువైన ఇనుప చక్రమే ఫ్లైవీల్. క్లచ్ ప్లేటు దీన్నే పట్టుకుని తిరుగుతుంది. డీజిల్ ఇంజిన్ తిరిగేది నున్నగా కాదు, దెబ్బ దెబ్బగా. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 800 ఆర్‌పీఎం దగ్గర ఐడిల్‌లో ఉందంటే సెకనుకు దాదాపు 27 సార్లు పేలుడు జరుగుతోందన్నమాట. ఆ ప్రతి దెబ్బా గేర్‌బాక్స్‌కు చేరుతుంది.

ఆ దెబ్బను మధ్యలోనే మింగేయడానికి ఫ్లైవీల్‌ను రెండు ముక్కలు చేశారు. ఒక ముక్క ఇంజిన్ క్రాంక్‌కు, రెండోది క్లచ్ వైపు. మధ్యలో గ్రీజులో నానే వంపు స్ప్రింగులు. జర్మనీకి చెందిన లుక్ కంపెనీ 1985లో దీన్ని కార్ల కోసం పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టింది. తర్వాత డీజిల్ ఎస్‌యూవీలకు, కొన్ని పికప్‌లకు కూడా పాకింది.

ఇక్కడో సంగతి గుర్తుంచుకోవాలి. పెద్ద లారీల్లో ఎక్కువ వాటికి కంపెనీ నుంచే సాలిడ్ ఫ్లైవీల్ వస్తుంది. చిన్న సరుకు బండ్లలోనూ చాలావాటికి అంతే. కాబట్టి మీ బండికి డ్యూయల్ మాస్ ఉందో లేదో ముందు తేల్చుకోండి. ఛాసిస్ నంబర్ చెబితే డీలర్ దగ్గర పార్ట్ నంబర్ దొరుకుతుంది.

మన దగ్గర ఎందుకు పోతోంది?

వేడి ఒక కారణం. సగం క్లచ్ మీద లోడుతో లాగితే ప్లేటు రాసుకుని ఫ్లైవీల్ సలసలా కాగుతుంది. లోపలి గ్రీజు పలచబడి బయటికి కారుతుంది. స్ప్రింగులు ఎండి అరుగుతాయి. కడప ఎండలు 40 డిగ్రీలు దాటే నెలల్లో చల్లారడానికి టైమ్ కూడా దొరకదు.

రెండోది లోడు. పరిమితికి మించి బండలు పేర్చితే ఏ ఫ్లైవీలూ నిలవదు. అన్నట్టు 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం ఓవర్‌లోడ్‌కు 20 వేల రూపాయలు, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకూ 2 వేలు జరిమానా. క్లచ్ ఖర్చు దీనికి అదనం!

మూడోది చాలామంది పట్టించుకోనిది. బ్యాటరీ వీకై సెల్ఫ్ మెల్లగా తిరిగినా, ఒక ఇంజెక్టర్ సరిగా కొట్టకపోయినా ఇంజిన్ ఊగుతూ తిరుగుతుంది. ఆ ఊపంతా స్ప్రింగుల మీదే పడుతుంది. ఇంజెక్టర్ బాగు చేయించకుండా కొత్త ఫ్లైవీల్ వేస్తే, అది డ్యూయల్ మాస్ అయినా సాలిడ్ అయినా డబ్బు నీళ్లలో పోసినట్టే.

సాలిడ్ వేస్తే ఏమవుతుంది?

సాలిడ్ అంటే ఒకే ముక్క పోత ఇనుము. లోపల స్ప్రింగుల్లేవు, కారడానికి గ్రీజూ లేదు. ముఖం గీతలు పడితే, మందం అనుమతించినంత వరకు లేత్‌కు పట్టించి మళ్లీ వాడుకోవచ్చు. తర్వాతిసారి క్లచ్ మార్చాల్సి వస్తే ఖర్చు బాగా తగ్గుతుంది. లోడు బండికి ఇది నిజమైన లాభమే.

మరి ఆ దెబ్బలన్నీ ఎక్కడికి పోతాయి? సాలిడ్ సెట్టులో స్ప్రింగులు క్లచ్ ప్లేటు మధ్యలో ఉంటాయి. వాటికి చోటు తక్కువ, కదలికా తక్కువే. మిగిలిన అదురు గేర్‌బాక్స్‌కు వెళ్తుంది. న్యూట్రల్‌లో ఐడిల్ మీద ఉన్నప్పుడు గరగరమని చప్పుడు వస్తుంది, క్లచ్ తొక్కగానే ఆగిపోతుంది. కొన్ని బండ్లలో ఇది చప్పుడుతోనే సరిపోతుంది. కొన్నిట్లో మాత్రం గేర్‌బాక్స్ బేరింగులు త్వరగా అరిగే ప్రమాదం ఉంది. ఎక్కువ గేర్లో తక్కువ స్పీడుతో ఇంజిన్‌ను గింజుకునేలా లాగించే అలవాటున్న డ్రైవర్ చేతిలో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

కంపెనీల్లోనూ ఏకాభిప్రాయం లేదు. ఫ్రాన్స్‌కు చెందిన వాలియో ఫ్లైవీల్, ప్రెజర్ ప్లేటు, క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కలిపి నాలుగు భాగాల సాలిడ్ కిట్ అమ్ముతోంది. లుక్ బ్రాండ్ యజమాని షాఫ్లర్ మాత్రం డ్యూయల్ మాస్‌తో వచ్చిన బండికి సాలిడ్ వేయొద్దంటోంది. ఎవరి సరుకు వాళ్లు పొగుడుకోవడం మామూలే కానీ, రెండు వాదనల్లోనూ నిజముంది.

షెడ్డులో ఏం అడగాలి?

ముందు చప్పుడు ఎక్కడిదో తేల్చమనండి. క్లచ్ తొక్కినప్పుడే కూత వస్తే అది చాలాసార్లు రిలీజ్ బేరింగ్‌దే. దానికి ఫ్లైవీల్ మార్చనక్కర్లేదు. స్టార్ట్ చేసేటప్పుడు, ఆపేటప్పుడు దడదడలాడితే డ్యూయల్ మాస్‌ను అనుమానించాలి.

సాలిడ్‌కే వెళ్తే మీ ఇంజిన్ మోడల్‌కు సరిపోయే పూర్తి కిట్ తీసుకోండి. సాలిడ్ ఫ్లైవీల్ తెచ్చి దానికి పాత డ్యూయల్ మాస్ ప్లేటు తగిలించడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ఆ ప్లేటు మధ్యలో చాలాసార్లు స్ప్రింగులే ఉండవు, ఇక అదురును ఆపేదెవరు? కొన్ని ఇంజిన్లలో క్రాంక్ సెన్సార్ ఫ్లైవీల్ మీది గుర్తులనే చదువుతుంది. అవి కొత్తదానిపై సరిగ్గా లేకపోతే బండి స్టార్టే అవ్వదు.

ఫ్లైవీల్ బోల్టులు కొత్తవే వేయించండి. చాలా ఇంజిన్లలో అవి ఒకసారి బిగిస్తే సాగిపోయే రకం. టార్క్ రెంచ్ లేకుండా 'చేతి లెక్క'తో బిగించే షెడ్డైతే వేరే చోటు చూసుకోవడం మేలు. గేర్‌బాక్స్ ఎలాగూ దించుతారు కాబట్టి క్రాంక్ వెనక ఆయిల్ సీలు కూడా చూడమనండి. అక్కడ చుక్క ఆయిల్ కారినా కొత్త ప్లేటు జారిపోతుంది.

వారంటీ ఉన్న బండైతే ఈ మార్పు జోలికే వెళ్లొద్దు. కంపెనీ క్లెయిమ్ తిరస్కరించడానికి అదొక్కటే చాలు. వారంటీ దాటి, ఎప్పుడూ లోడు మీదే తిరిగే పికప్‌కు సాలిడ్ లెక్క కుదురుతుంది. ఇంటిల్లిపాదీ తిరుమలకు, గండికోటకు తిరిగే ఎస్‌యూవీకైతే ఆ చప్పుడు, అదురు భరించడం కష్టం.

కొత్త సెట్టు వేశాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లు తక్కువ లోడుతో నడపండి, ప్లేటు సర్దుకుంటుంది. పాత ఫ్లైవీల్‌ను షెడ్డులో వదిలేయకుండా ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. ముఖం మీద నీలి మచ్చలు, వెంట్రుకవాసి పగుళ్లు కనిపిస్తే అది వేడికి పోయింది. అంటే సగం క్లచ్, లేదా ఓవర్‌లోడ్. ముఖం శుభ్రంగా ఉండి లోపలి స్ప్రింగులే వదులైతే ఇంజెక్టర్లు, బ్యాటరీ కూడా చూపించాకే బండి బయటికి తీయండి.