సర్వరునకు క్రొత్త బయాస్

ఈపురుపాలెపు నేతవారికి జకార్డు మగ్గమును గూర్చి మేము చెప్పవలసినది లేదు. చిల్లులు పొడిచిన అట్టలు చెప్పినట్లే పడుగు పోగులు లేచును. చీర అంచున క్రొత్త డిజైను కావలెనన్న మగ్గమును మార్చ నక్కరలేదు. అట్టల దండను మార్చిన చాలును. కంప్యూటరులోను ఇట్టి దండ యొకటి గలదు. దాని పేరు బయాస్. 1970ల దశకమున గారీ కిల్డాల్ పెట్టిన పేరిది. నేటి యంత్రములలో దాని స్థానమున యు.ఇ.ఎఫ్.ఐ. వచ్చినను పాత పేరే నిలిచినది.

మదర్‌బోర్డుపై చిన్న ఫ్లాష్ చిప్పులో ఇది యుండును. మీట నొక్కగనే మేల్కొని, మెమరీని సిద్ధపరచి, డిస్కులను వెదకి, పగ్గములను ఆపరేటింగ్ సిస్టమునకు అప్పగించును.

చక్కగా పనిచేయుదానిని కదలించుట యెందుకని శ్రోతలు అడుగవచ్చును. సబబైన ప్రశ్నయే. 2018 జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అను లోపములు బయటపడగా, స్పెక్టర్ నివారణకై ప్రాసెసర్ల మైక్రోకోడును సవరింపవలసి వచ్చెను. ఆ సవరణ పెక్కు యంత్రములకు బయాస్ ద్వారానే చేరినది. అయితే ఆ నెల 22వ తేదీననే, యంత్రములు తమంత తామే మరల మొదలగుచున్నవని, తొలి సవరణను వాడవద్దని ఇంటెల్ సంస్థ చెప్పవలసి వచ్చెను. తయారీదారు ఇచ్చిన వివరణ పత్రమును చదువక ఈ పనికి పూనుకొనరాదు.

మేము చదివితిమి, యు.పి.ఎస్. బ్యాటరీ వయస్సును మాత్రము అడుగమైతిమి. అది ఒక నూలు వ్యాపారి సర్వరు. నేతవారి కూలి పద్దులన్నియు అందే యుండెను, మరునాడు బట్వాడా. వ్రాత సగములో నుండగా కరెంటు పోయెను, బ్యాటరీయు చేయిచ్చెను. తిరిగి మీట నొక్కిన తెరపై ఏమియు రాలేదు. పద్దులు డిస్కులలో భద్రముగనే యున్నవి, చదువు దారియే లేదు.

సర్వరు బోర్డులపై బి.ఎం.సి. యను వేరొక చిన్న కంప్యూటరుండును. ప్రధాన యంత్రము నిద్రించినను ఇది మేలుకొనియే యుండును. కరెంటు వచ్చిన పిదప దాని ద్వారా బయాస్‌ను మరల వ్రాసితిమి. మెమరీని సరిచూచుకొనుటకు యంత్రము కొన్ని నిమిషములు మౌనము వహించెను. తెలియనివారు ఇచ్చటనే కంగారుపడి మీట ఆర్పివేయుదురు!

తెర వెలిగెను గాని సిస్టము తెరచుకొనలేదు. క్రొత్త బయాస్ పాత అమరికలను తుడిచివేసి, డిస్కులను రెయిడ్ పద్ధతి నుండి తప్పించినది. ముందుగా ఆ అమరికలను కాగితముపై వ్రాసికొనియుండిన పది నిమిషముల పని. వ్రాసికొననందున ఒక్కొక్కటే మార్చి చూచుచు తెల్లవారుజాము వరకు కూర్చుంటిమి. కూలి బట్వాడా ఆ ఉదయము గంట ఆలస్యముగా మొదలయ్యెను.