దమ్మున్న గుర్రం... దమ్మున్న ఎద్దు

వ్యవసాయ శాఖ పని మీద హైదరాబాద్ బషీర్‌బాగ్‌లోని కమిషనర్ కార్యాలయానికి వెళ్లే రైతుల్లో మలక్‌పేట రేసుకోర్సు చూసినవారు తక్కువే. అక్కడికి పెద్ద దూరం కూడా ఉండదు. 1868లో మౌలాలీలో మొదలైన గుర్రప్పందేలను ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1886లో మలక్‌పేటకు మార్పించారు. పందెం కాయమని చెప్పడానికి కాదీ మాట. ఆ యావలో పడి కొంపలు గుల్ల చేసుకున్నవాళ్లున్నారు. లక్షలు పోసి గుర్రాన్ని కొనేవాళ్లు దాని దమ్మును ఎలా లెక్కగడతారో తెలిస్తే, అప్పు చేసి కాడెడ్లు కొనే మనకు పనికొస్తుంది.

వెయ్యి, పన్నెండు వందల మీటర్లు దూసుకుపోయే గుర్రం వేరు. పుణెలో జరిగే 2800 మీటర్ల సెయింట్ లెజర్ లాంటి పందేనికి నిలిచే గుర్రం వేరు. మొదటిదానికి పిరుదులు, తొడలు కండపట్టి గుండ్రంగా ఉంటాయి. దూరపు గుర్రం చూపుకు కాస్త పలచగా, పొడుగ్గా కనిపిస్తుంది. కానీ ఛాతీ లోతుగా ఉండాలి. గుండె, ఊపిరితిత్తులు ఉండేది అక్కడే గదా! పందెపు గుర్రం గుండె మామూలుగా నాలుగు కిలోల పైచిలుకు తూగుతుంది. ఇంగ్లండులో ఓటమి ఎరుగని ఎక్లిప్స్ అనే గుర్రం 1789లో చనిపోయాక కోసి చూస్తే దాని గుండె ఆరు కిలోలు దాటిందంటారు.

ఇక వంశం. థరోబ్రెడ్ గుర్రాలన్నీ తండ్రి వరసలో మూడే మూడు మగ గుర్రాలకు చేరతాయి. వాటి వంశావళి పుస్తకం 1791లోనే ఇంగ్లండులో అచ్చయింది. మన దేశంలో ఆ లెక్క పుణెలోని స్టడ్ బుక్ అథారిటీ రాస్తుంది. తెలిసినవాడు తండ్రి పేరొక్కటే చూసి మురిసిపోడు. తండ్రి ఎంత దూరంలో గెలిచింది, దాని పిల్లలు ఎంత దూరంలో గెలుస్తున్నాయి, తల్లికి తండ్రి ఏది, ఆ తల్లి కన్న మిగతా పిల్లలు ఎలా ఉన్నాయి అని ఆరా తీస్తాడు. కండను అదుపు చేసే మయోస్టాటిన్ జన్యువులోని తేడాను బట్టి గుర్రం పొట్టి పందేనికా, దూరానికా అన్నది కొంతవరకు చెప్పవచ్చని 2010లో ఐర్లండు శాస్త్రవేత్తలు తేల్చారు. కొంతవరకే! మేత, తర్ఫీదు, కాళ్ల గట్టితనం లెక్కలోకి రాకుండా పోవు.

అంగడిలో మనం చేసే పొరపాటు కండ చూసి మోసపోవడం. నెలరోజులు మేపి, ఒంటికి నూనె రాసి, కొమ్ములకు రంగు పూసిన ఎద్దు ఎవరికైనా నచ్చుతుంది. ముందుకాళ్ల మధ్య ఎడం ఉందా, పక్కటెముకలు విల్లులా వంగి ఉన్నాయా, గిట్టల చీలిక దగ్గరగా ఉందా చూడండి. నడిపించి, వెనుక నుంచి కూడా చూడండి.

అసలు పరీక్ష ఊపిరి. చాలా కిలోమీటర్లు సాగే దూరపు స్వారీ పోటీల్లో మధ్యమధ్య గుర్రాన్ని ఆపి, దాని గుండె గడువులోగా నిమిషానికి 64 సార్లకు దిగకపోతే పోటీ నుంచి తప్పిస్తారు. ఇదే కిటుకు మన ఎడ్లకూ వాడవచ్చు. పొద్దుటిపూట చల్లగా ఉన్నప్పుడు, బండి కట్టకముందే డొక్క కదలిక లెక్కపెట్టండి. నిమ్మళంగా ఉన్న ఎద్దు నిమిషానికి 15 నుంచి 30 సార్లు ఊపిరి తీస్తుంది. మామూలు బరువుతో గంటసేపు బండి తోలి, నీడలో నిలబెట్టి మళ్లీ లెక్కపెట్టండి. పెరిగిందని భయపడనక్కర్లేదు, పెరగాల్సిందే. పావుగంట, ఇరవై నిమిషాలకు ఎంత దిగిందన్నదే చూడాలి. దిగకుండా రొప్పుతూనే ఉన్నా, నాలుక బయటపెట్టి నురగ కక్కినా, కాళ్లు తడబడినా ఆ బేరం వదులుకోవాలి. తోక మొదట్లో అడుగువైపు వేళ్లు పెడితే నాడి కూడా తెలుస్తుంది.

ఎద్దుకు వంశం పుస్తకం అంగడిలో దొరకదు. తెలిసిన ఊరి ఎద్దయితే తల్లిని, తోడబుట్టినవాటిని చూసి రావచ్చు. ఇంట్లో ఆవుకు సూది వేయించేటప్పుడు వీర్యం గొట్టం మీద ఆబోతు నెంబరు ఉంటుంది. దాన్నీ, ఆవు చెవిపోగు మీది 12 అంకెలనూ, తేదీనీ నోటుబుక్కులో రాయమని డాక్టరును గానీ గోపాలమిత్రను గానీ అడగండి. మూడేళ్లకు కోడె కాడికి వచ్చాక, కొనవచ్చినవాడి ముందు ఆ పేజీ తీసి చూపించవచ్చు.