అమ్మలకి కూడా ఒక గది ఉన్న బడి: తాగుడు, ఇంట్లో కొట్టుడు ఆపడానికి ప్రీస్కూల్ ఏం చేయగలదు?

ఈరోజు టాపిక్ వినగానే "ఇదెక్కడి లింకు భయ్యా" అనుకుంటారు. ఒక పక్క తాగుడు, గంజాయి, ఇంట్లో భార్యని కొట్టడం. ఇంకో పక్క మూడేళ్ల పిల్లలు వెళ్లే బడి. ఈ రెండిటికీ గట్టి సంబంధమే ఉంది, డేటా కూడా ఉంది. ఒక్క రిక్వెస్ట్: ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. కొన్ని ఇళ్లలో ఈ మాటలు స్పీకర్‌లో వినిపించడం సేఫ్ కాదు.

ముందు మన దగ్గర పరిస్థితి చూద్దాం. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 18 నుంచి 49 ఏళ్ల మధ్య పెళ్లయిన ఆడవాళ్లలో భర్త చేతిలో హింస చూశామని చెప్పినవాళ్లు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. ముక్కూ మొహం తెలియని సర్వే మనిషికి ధైర్యం చేసి చెప్పినవాళ్ల లెక్క మాత్రమే ఇది. అదే సర్వేలో ఇంకో నంబర్ ఉంది. దేశం మొత్తం మీద, భర్త తరచూ ఫుల్‌గా తాగే ఇళ్లలో 70 శాతం మంది ఆడవాళ్లు హింస ఎదుర్కొన్నారు. భర్త అసలు తాగని ఇళ్లలో 23 శాతం.

ఈ రెండో నంబర్‌ని కూడా చూడండి. తాగనివాళ్ల ఇళ్లలో అది సున్నా కాదు, 23. అంటే మందు మానేస్తే అన్నీ సెట్ అయిపోతాయనేది సగం నిజమే. మందు మంటని పెంచుతుంది కానీ, నిప్పు వేరే చోట కూడా ఉంది. తండ్రి తల్లిని కొట్టడం చూస్తూ పెరిగిన ఆడపిల్లలు పెద్దయ్యాక తామూ దెబ్బలు తినే అవకాశం చాలా ఎక్కువని ఇదే సర్వే చెప్తోంది. ఒక ఇంట్లో జరిగింది ఇంకో ఇంట్లోకి కాపీ అవుతోంది.

నేను నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పని చేశాను కాబట్టి నాకు అర్థమయ్యే భాషలో చెప్తా. పోలీస్ స్టేషన్, కోర్టు, డీ-అడిక్షన్ సెంటర్, ఇవన్నీ కోడ్ లైవ్‌లోకి వెళ్లి క్రాష్ అయ్యాక రాత్రి రెండింటికి లేచి చేసే ఫిక్స్‌లు. అవి ఉండాల్సిందే. కానీ వాటికి ఒక పెద్ద ప్రాబ్లం ఉంది. వాటి గుమ్మం ఎవరూ మామూలుగా తొక్కరు. మీ ఊళ్లో ఒకావిడ స్టేషన్ మెట్లెక్కిందంటే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. అదే ఆవిడ పిల్లాడి చెయ్యి పట్టుకుని బడికి వెళ్తే? ఎవరూ తల తిప్పి కూడా చూడరు. మొగుడు కూడా అడగడు. నేను చెప్పాలనుకున్నదంతా ఆ గుమ్మం గురించే.

ఇప్పుడు అమెరికాలోని చికాగోకి వెళ్దాం. 1967లో ఆ సిటీ వెస్ట్ సైడ్‌లో, బాగా పేద, ఎక్కువగా నల్లజాతి కుటుంబాలు ఉండే ఏరియాలో, 'చైల్డ్-పేరెంట్ సెంటర్స్' అని నాలుగు ప్రీస్కూళ్లు మొదలుపెట్టారు. దీని వెనక ఉన్నది లొరేన్ సలివాన్ అనే స్కూల్ అధికారి. ఆ ఏరియాలో పిల్లలు బడికి సరిగ్గా రావట్లేదు, వచ్చినవాళ్లు వెనకబడుతున్నారు. పిల్లల్ని మాత్రమే పట్టుకుంటే లాభం లేదు, తల్లిదండ్రుల్ని కూడా బడిలోకి తేవాలి అని ఆవిడ లైన్ తీసుకున్నారు. పేరులోనే 'పేరెంట్' ఉంది చూడండి.

క్లాస్‌రూమ్ సంగతి సింపుల్. మూడు, నాలుగేళ్ల పిల్లలు, రోజుకి మూడు గంటలు, 17 మందికి ఒక టీచరు, ఒక హెల్పరు. అసలు విశేషం పక్క గదిలో ఉంది. ప్రతి సెంటర్లో తల్లిదండ్రుల కోసం విడిగా ఒక గది, అచ్చంగా ఆ గది చూసుకోవడానికే ఒక టీచరు. తల్లిగానీ తండ్రిగానీ వారానికి ఒక పూట అక్కడ గడపాలి. ఆ పూట ఏం చేస్తారు? క్లాసులో సాయం చేస్తారు, మధ్యలో ఆపేసిన హైస్కూల్ చదువు పూర్తి చేసుకుంటారు, కుట్టుపని, వంట, పిల్లల్ని పెంచే విషయాలు మాట్లాడుకుంటారు. వీటితో పాటు ఇళ్లకి వెళ్లి పలకరించడానికి ఇంకో మనిషి. వాళ్లు చాలావరకు ఆ పేటలోవాళ్లే. ఆఫీసర్ వచ్చినట్టు కాకుండా, మన వీధి అక్క వచ్చినట్టు ఉంటుంది.

ఎక్కడా 'గృహహింస నివారణ కేంద్రం' అని బోర్డు లేదు. 'మద్యం మానండి' పోస్టర్లతో నడిచిన ప్రోగ్రాం కూడా కాదు.

మరి ఏం జరిగింది? ఆర్థర్ రేనాల్డ్స్ అనే పరిశోధకుడి టీమ్, 1979-80లో పుట్టిన 1,539 మంది పిల్లల్ని దశాబ్దాల పాటు ఫాలో అయింది. వీళ్లలో 989 మంది ఈ సెంటర్లలో చదివినవాళ్లు, 550 మంది అలాంటి పేటల్లోనే వేరే బడులకి వెళ్లినవాళ్లు. కోర్టు, శిశు సంక్షేమ శాఖ రికార్డులు తిరగేస్తే, 17 ఏళ్లు వచ్చేలోగా ఇంట్లో హింసకో నిర్లక్ష్యానికో గురయ్యారని నమోదైనవాళ్లు రెండో గుంపులో 10.5 శాతం. సెంటర్ పిల్లల్లో 5 శాతం. సగం. 28 ఏళ్ల వయసులో మళ్లీ చూస్తే, మందు, డ్రగ్స్ సమస్యలో పడినవాళ్లు సెంటర్ గుంపులో 28 శాతం తక్కువ. మగపిల్లల్లో తేడా ఇంకా బాగా కనిపించింది. పెట్టిన ప్రతి డాలర్‌కి సమాజానికి దాదాపు 11 డాలర్లు తిరిగొచ్చాయని లెక్క కట్టారు.

ఇక్కడ కామెంట్లలో ఎవరో ఒకరు పట్టుకుంటారు కాబట్టి నేనే చెప్పేస్తా. ఇది లాటరీ తీసి పిల్లల్ని రెండు గుంపులు చేసిన ప్రయోగం కాదు, ఉన్న గుంపుల్ని పోల్చిన స్టడీ. రెండోది, ఆ 5, 10.5 అనే లెక్కలు పిల్లల మీద హింసవి. భార్య మీద హింసని అందులో విడిగా కొలవలేదు. అయితే ఆ రెండూ తరచుగా ఒకే ఇంట్లో, ఒకే చెయ్యి చేసే పనులు. నాకు ఎక్కువ నచ్చిందేంటంటే, వాళ్లు "ఎందుకు తగ్గింది" అని కూడా వెతికారు. తల్లిదండ్రులు బడితో కలిసి ఉండటం, పిల్లాడు మాటిమాటికీ బడులు మారకపోవడం, ఈ రెండూ పైకి వచ్చాయి. రంగురంగుల బొమ్మలు కాదు, స్మార్ట్ బోర్డులు కాదు. మనుషులు ఒకచోట కుదురుగా ఉండటం.

కలిసి కూర్చోవడం వల్ల ఏమవుతుంది అనుకుంటే, ఇది అమెరికా కథే కానక్కర్లేదు. నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తుందా? 1990ల మొదట్లో అక్కడ ఆడవాళ్లు రాత్రిపూట అక్షరాస్యత క్లాసులకి వెళ్లేవాళ్లు. వెళ్లింది అ ఆలు దిద్దడానికి. పది మంది రోజూ ఒకచోట కూర్చునేసరికి ఇంట్లో సంగతులు బయటకొచ్చాయి. మా ఆయన కూలి డబ్బంతా సారాకే, మా ఇంట్లోనూ అంతే, నన్నూ కొడతాడు, నన్నూ కొడతాడు. ఎవరికి వాళ్లు తమ తలరాత అనుకున్నది అందరిదీ అని తేలింది. 1992లో ఊరి సారా దుకాణం మూయించారు, ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. సంపూర్ణ నిషేధం 1995లో వచ్చి 1997లో పోయింది, అది వేరే ఎపిసోడ్. నాకు కావాల్సింది ఆ మొదటి స్టెప్: చదువు పేరుతో దొరికిన కాస్త చోటు.

ఇప్పుడు మన అంగన్‌వాడీ. 1975 అక్టోబర్ 2న 33 బ్లాకుల్లో మొదలైన స్కీమ్, ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 90 వేలకి పైగా కేంద్రాలు. చికాగోలో ఆ గుమ్మం కొత్తగా కట్టాల్సి వచ్చింది. మనకి దాదాపు ప్రతి ఊళ్లో కట్టే ఉంది. తెలంగాణలో ఆరోగ్య లక్ష్మి కింద గర్భిణులు, బాలింతలు కేంద్రానికి వచ్చి భోజనం చేసే పద్ధతి ఉంది. అంటే అమ్మ కూడా వస్తోంది, కూర్చుంటోంది.

లేనిది ఏంటి? మా పెద్దమ్మ అంగన్‌వాడీ టీచరు. ఈ స్క్రిప్ట్ రాసేటప్పుడు ఫోన్ చేసి అడిగా, "పెద్దమ్మా, ఎవరైనా ఇంట్లో గొడవల గురించి నీతో చెప్పుకుంటారా?" అని.

"చెప్పకేం నాయనా. చెప్పకపోయినా తెలుస్తది. పిల్లాడు ఉలిక్కిపడుతుంటాడు, తల్లి చెంగు కప్పుకుని వస్తది. కానీ నేను పిల్లల బరువులు చూడాలా, గుడ్లు లెక్కెట్టాలా, ఫోన్‌లో ఎంట్రీలు కొట్టాలా, ఆ అమ్మాయి పక్కన కూర్చోవాలా? ఉన్నది ఒకటే గది. ఆమె ఏడిస్తే అందరి ముందే ఏడవాలి."

నాకైతే మొత్తం రిపోర్ట్ ఈ నాలుగు ముక్కల్లో దొరికింది. గుమ్మం ఉంది, తలుపు వేసుకునే గది లేదు, ఆ పని కోసమే ఉండే మనిషి లేదు. ఉన్న టీచరు నెత్తిన ఇంకో రిజిస్టర్ పెట్టి 'కౌన్సెలింగ్' అని కాలమ్ గీస్తే ఏం జరగదు, కాలమ్ నిండుతుంది అంతే. ప్రతి నాలుగైదు కేంద్రాలకి ఒక మనిషిని జీతమిచ్చి, ట్రైనింగిచ్చి పెట్టాలి. విన్నది బయటికి పొక్కకూడదు. ఊళ్లో అందరూ చుట్టాలే కాబట్టి ఇది చికాగోలో కంటే మన దగ్గర కష్టం. ఇంకోటి, నాన్నలు. పగలు పదకొండింటికి మీటింగ్ పెట్టి నాన్నలు రాలేదంటే ఎలా? నెలకో సాయంత్రం, పిల్లల ఆటపాటలు అని పిలిస్తే వస్తారు. కొడుకు స్టేజి ఎక్కి పాట పాడతాడంటే తాగుబోతు కూడా చొక్కా మార్చుకుని వస్తాడు. మాట మొదలుపెట్టాల్సింది అక్కడ.

లాస్ట్‌గా, ఇది చూస్తున్న మీలో కొందరికి ఇది డేటా కాదని, ఇల్లని నాకు తెలుసు. 2005 గృహహింస చట్టంలో చాలామందికి తెలియని పాయింట్ ఒకటి: బాధితురాలే రావాలని లేదు. పక్కింటివాళ్లు, బంధువులు, ఎవరైనా ప్రొటెక్షన్ ఆఫీసర్‌కి సమాచారం ఇవ్వొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్తే మీ మీద కేసు రాదు. మన రాష్ట్రాల్లో ఈ పని చూసేది కూడా అంగన్‌వాడీలు నడిపే మహిళా శిశు సంక్షేమ శాఖే, కాబట్టి దారి తెలియకపోతే మీ ఊరి టీచర్ని అడగండి. మహిళల హెల్ప్‌లైన్ 181, పిల్లలకి 1098, మందు, గంజాయి మానాలనుకుంటే 14446, అప్పటికప్పుడు ప్రమాదం ఉంటే 112. అమ్మ ఫోన్ నుంచి చేస్తే తర్వాత కాల్ లిస్ట్‌లోంచి ఆ నంబర్ తీసేయండి. మీ ఫోన్ నుంచి చేయగలిగితే ఇంకా మంచిది.